పాత రైలు వంతెనను దించుట, కొత్తదానిని నిలుపుట

  

నాకు ముందు మాటలాడిన పెద్దలిరువురును కావ్యములను గూర్చియు, పురాణ పఠనమును గూర్చియు చక్కగా ముచ్చటించినారు. ఇప్పుడు నా వంతు వచ్చినది. నాకిచ్చిన విషయము ఇనుము. పద్యము విన్న చెవులకు ఇది రుచింపదని ఎరుగుదును. అయినను మన గ్రంథాలయమున ప్రతి సాయంకాలము పత్రికలు చదువు యువకులు కార్యదర్శిగారిని పట్టుబట్టి ఈ ఉపన్యాసమును ఏర్పాటు చేయించినారట. వారికి ఇది కేవలము తెలివి కొరకు కాదు. మన పల్లెల నుండి ఏటేట పడుచువారు వంతెనల పనులకు కూలికి పోవుచున్నారు. తలపై వ్రేలాడు బరువు దేనిని పట్టుకొని నిలిచియున్నదో ఆ పిల్లవానికి చెప్పువారు అరుదు. మేస్త్రీ పట్టుమన్నచోట పట్టును, నిలువుమన్నచోట నిలుచును. కావున నేను చెప్పబోవు మాటలలో మొదటి భాగము అందరికొరకు, నడిమి భాగము ముఖ్యముగా వారికొరకు.

రైలు వంతెన ఎందుకు ముసలిదగును? స్తంభములు మంచి రాతితో కట్టినవైతే వందేండ్లు దాటియు నిలుచుట కలదు. ముందుగా అలసిపోవునది వానిపై పరచిన ఉక్కు దూలము. దానినే రైల్వేవారు గర్డరు అందురు. బండి పోయిన ప్రతిసారి గర్డరు కంటికి తెలియనంతగా వంగి మరల లేచును. ఇనుప తీగను అటు నిటు వంచగా వంచగా తుదకు పుటుక్కున తెగుట మనమందరము ఎరిగినదే. గర్డరు అంత సులభముగా తెగదుగాని జాతి ఒక్కటే. దీనికి తోడు తుప్పు. నదిపైనను పట్టును, సముద్రముపైన మరింత పట్టును. మూడవ కారణమును జనులు సాధారణముగా తలపరు. వంద సంవత్సరముల క్రిందట ఆ వంతెనకు లెక్కలు వేసిన ఇంజనీరు తన కాలపు ఇంజనును, తన కాలపు గూడ్సు పెట్టెను మనసులో పెట్టుకొని వేసినాడు. నేటి బండి బరువు అతడు ఎరుగడు. కాబట్టి వంతెన ఏ లోపము లేకుండ నిలిచియున్నను, కాలము దానిని దాటిపోవును.

మార్చవలసినపుడు దారులు రెండు. పాతదాని ప్రక్కనే వేరొక వంతెన కట్టి, అది సిద్ధమైన పిమ్మట పాతదానిని విడిచిపెట్టుట ఒకటి. పాత స్తంభములు బలముగా ఉన్నచో వానినే ఉంచి, పైనున్న గర్డరులను మాత్రము తీసి కొత్తవి పెట్టుట రెండవది. రెండవదానిలో ఖర్చు తక్కువ, చిక్కు ఎక్కువ. ఏలయన బండ్లు ఆగవు. కొన్ని గంటలు రాకపోకలు నిలిపి, ఆ గంటలలోనే పాతది తీసి కొత్తది పెట్టి, మరల పట్టాలు కలిపి బండిని విడువవలెను. ఆ వ్యవధిని రైల్వేవారు బ్లాకు అందురు. స్టేషనులో కూర్చుండి “ఏమండీ, ఇంకెంతసేపు?” అని విసుగుకొనువారికి ఆ బ్లాకు పొడవుగా తోచును. వంతెనపై నున్నవారికి అది చాలదు.

ఇక సాధనముల మాట. అన్నిటికి తాత మన గునపము. పెరటిలో బండరాయిని కదల్చవలెనన్న ఏమి చేయుదుము? గునపము మొనను రాతి క్రిందకు దోపి, దగ్గరగా చిన్న రాయి నొకదానిని ఆనుగా పెట్టి, రెండవ చివరను క్రిందకు నొక్కుదుము. చేయి జానెడు దిగును, బండ వ్రేలెడు లేచును. బలము పెరిగినది, దూరము తగ్గినది. ప్రపంచమున ఏ ఎత్తుడు యంత్రమైనను ఈ బేరము చేయవలసినదే. బలమును ఊరక ఇచ్చు యంత్రము లేదు.

జాకీ అనునది ఆ బేరమును కడదాక సాగించినది. మర జాకీని మీరు లారీల వద్ద చూచియుందురు. వంతెనల పనికి నూనె జాకీని వాడుదురు. అందులో రెండు గొట్టములు, ఒకటి సన్నము, ఒకటి లావు. రెండును ఒకే నూనెతో నిండి కలిసియుండును. సన్నదాని ముఖము ఒక చదరపు అంగుళము, లావుదాని ముఖము నూరు చదరపు అంగుళములు అనుకొందము. సన్నదానిపై 20 కిలోలతో నొక్కిన లావుది 2,000 కిలోలను మోయును. కాని లావుది ఒక్క అంగుళము లేచుటకు సన్నదానిని నూరు అంగుళముల మేర నొక్కవలెను. అందుచేతనే పిడిని అన్నిసార్లు ఆడింతురు. ద్రవముపై కలిగిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా ప్రాకునని ఫ్రాన్సు దేశపు పండితుడు పాస్కల్ చెప్పినాడు. దానిని యంత్రముగా చేసి 1795లో హక్కు పొందినవాడు ఇంగ్లండు దేశపు జోసెఫ్ బ్రామా.

బావి గిలకను గూర్చి ఒక పొరపాటు ఊహ కలదు. గిలక వలన బిందె తేలికయగునని అందురు. కాదు. ఒకే గిలక పైన కట్టియుండి త్రాడు దానిమీదుగా వచ్చినచో బిందె బరువు బిందె బరువే. క్రిందకు లాగుట సుఖము గనుక తేలికగా తోచును, అంతే. బరువుతోపాటు కదలు గిలక నొకదానిని చేర్చినపుడే సగము బలము చాలును. ఇటువంటి గిలకలను జతలుగా కూర్చినదే కప్పీ. నాలుగు పేటల త్రాడు బరువును మోయుచుండిన నాలుగవ వంతు లాగినచాలును, లాగవలసిన త్రాడు మాత్రము నాలుగింతలు. నేటి పెద్ద క్రేనులన్నియు ఈ కప్పీ మీదనే బ్రతుకుచున్నవి.

క్రేను విషయమున ఒక్క సంగతి గట్టిగా చెప్పవలెను. మన రైల్వేలయందు 140 టన్నుల క్రేనులు కలవు. పట్టాలపైననే నడచి వచ్చును. ఆ అంకెను చూచి 140 టన్నుల వస్తువు నెచ్చటనైనను ఎత్తుననుకొనరాదు. అమ్మలకు ఈ లెక్క నా కంటె బాగుగా తెలియును. నిండు బిందెను చంకనిడుకొని మైలు నడువవచ్చును. అదే బిందెను చేయి చాచి పట్టుకొన్న రెండు నిమిషములు నిలువలేము. క్రేను చేయి దగ్గరగా ఉన్నపుడు మాత్రమే ఆ పెద్ద అంకె. చేయి చాచినకొలది శక్తి త్వరత్వరగా తగ్గిపోవును. అంకె దాటినచో త్రాడు తెగుటయో, క్రేనే ఒరుగుటయో జరుగును. ఒక గర్డరును రెండు క్రేనులు చెరియొక కొనను పట్టి ఎత్తుట కలదు. అప్పుడు ఒకటి తొందరపడి, రెండవది వెనుకబడిన, గర్డరు వాలి, సగము బరువు మోయవలసిన క్రేనుపై సగమునకు మించి పడును. పెండ్లిలో పల్లకి మోయు బోయీలకు అడుగు కలియవలెనని అనుట ఇందుకే.

గర్డరు మార్చు పద్ధతులలో నాకు మిక్కిలి నచ్చినది క్రేను లేనిది. పాత గర్డరు ప్రక్కన తాత్కాలికముగా ఉక్కు కంబములు నిలిపి, వానిమీద కొత్త గర్డరును ముందే కూర్చి ఉంచుదురు. ఈ పనికి వారములు పట్టినను బండ్లకు అడ్డులేదు. బ్లాకు దొరికిన నాడు పట్టాలు విప్పి, పాత గర్డరును జాకీలతో కొన్ని అంగుళములు లేపి, అడ్డముగా పరచిన పట్టాల మీదకు దించి, వించి అను చేతి చక్రముతోనో మోటారుతోనో ప్రక్కకు లాగుదురు. దాని చోటికి కొత్తది జరిగి వచ్చును. మరల జాకీలతో లేపి, స్తంభముపై నున్న బేరింగులమీద మెల్లగా కూర్చుండబెట్టుదురు. చూచువానికి రంగము మీద తెర మారినట్లుండును. ఆ పిమ్మట కొన్నాళ్లు దానిపై బండి నత్తనడక నడచును. కొత్త వంతెనపై నెమ్మది ఏమని మనవారు నవ్వుదురు. కూర్చుండబెట్టిన గర్డరు బండ్ల క్రింద సర్దుకొనుటను కొలిచి చూచుకొనుచు వేగము పెంచుదురు. నవ్వవలసిన పని లేదు.

ఇప్పుడు కూలికి పోవు యువకులు వినవలసిన భాగము.

జాకీతో బరువు లేపునపుడు ప్రాణము నిలుపునది జాకీ కాదు, దాని ప్రక్కన పేర్చు దిమ్మెల దొంతి. బరువు అంగుళము లేచిన అంగుళము మందపు దిమ్మె తోయవలెను. రెండంగుళములు లేచిన రెండంగుళములు. బరువునకును దొంతికిని నడుమ సందు ఎన్నడును పెరుగరాదు. జాకీలో నూనె కారవచ్చును, తొడుగు చిట్లవచ్చును. అది చెప్పి రాదు. సందు అంగుళమైన బరువు అంగుళమే పడును. సందు అడుగైన అడుగు పడును, అడుగు పడిన ఉక్కు దూలమును ఆపునది ఏదియు లేదు.

దీనికి సాక్ష్యముగా వేల్సు దేశపు బ్రిటానియా వంతెన కథ చెప్పెదను. మెనాయి జలసంధిపై రాబర్టు స్టీఫెన్‌సన్ అను ఇంజనీరు కట్టినాడు. రైలు పోవుటకు ఉక్కువలె చేయని ఆనాటి పోత కానట్టి సాగగొట్టిన ఇనుముతో పెట్టెవంటి పెద్ద నాళములు చేయించినాడు. ఒక్కొక్క పెద్ద నాళము 1,500 టన్నుల పైమాట. వానిని పడవలపై పోటు నీటిలో తేల్చి తెచ్చి, స్తంభముల నడుమ నిలిపి, ఇప్పుడు చెప్పిన బ్రామా యంత్రముతో నూరడుగుల ఎత్తునకు లేపవలెను. ఒక్కొక్క పట్టునకు ఆరడుగులు. యంత్రము బాగుగా పనిచేయుచున్నది, అందరికిని తొందర. అయినను స్టీఫెన్‌సన్ పట్టుబట్టి, నాళము లేచినకొలది దాని కొనల క్రింద కట్టుబడి నింపుకొనుచు పొండని ఆజ్ఞ చేసినాడు. 1849 ఆగస్టు 17న యంత్రపు గొట్టము అడుగు ఊడి పడినది. నాళము కొద్ది అంగుళములు మాత్రము పడి, ఆ కట్టుబడిపై ఆగినది. ఆ కొద్ది అంగుళములకే దెబ్బ తగిలినది. క్రింద ఏమియు లేకున్నచో నాళమును, పనియు జలసంధిలో కలిసియుండెడివి. 1850లో వంతెనపై బండ్లు నడచినవి.

ఆ వంతెనకే తరువాత మార్పు వచ్చిన వైనమును మన విషయమునకు చెందినదే. 1970 మే నెలలో కుర్రవాండ్రు కొందరు దివిటీతో నాళములోనికి పోయి నిప్పు జారవిడిచినారు. కప్పునకు వాడిన కొయ్యయు, తారును అంటుకొని నాళములు వేడికి క్రుంగినవి. అప్పటి ఇంజనీర్లు వానిని ఒక్కసారిగా దించబోలేదు. క్రింద ఉక్కు కమానులు కట్టి, 1972లో బండ్లను మరల నడిపి, పాత నాళములను పిదప తొలగించినారు. పడిపోవు ఇంటికి ముందు గుంజ నిలిపి, తరువాత కప్పు విప్పుట మన వడ్రంగులకు తెలిసిన పనియే.

రెండవ కథ దుఃఖకరము. కెనడాలో సెయింటు లారెన్సు నదిపై క్విబెక్ రైలు వంతెన కట్టుచుండగా 1907లో కూలి 75 మంది పనివారు మరణించినారు. దానికి మారుగా మరియొకటి కట్టినారు. 1916 సెప్టెంబరు 11న సుమారు 5,000 టన్నుల నడిమి భాగమును పడవలపై తెచ్చి, జాకీలతో లేపుచుండగా, అది జారి నదిలో మునిగినది. మరల 13 ప్రాణములు పోయినవి. తప్పు జాకీలలో లేదు. ఎత్తుడు కడ్డీలు చెడలేదు. గర్డరు మూలను మోయుచుండిన ఒక పోత ముక్క పగిలినది. ఎత్తు యంత్రమును అందరును పరీక్షింతురు, బరువు ఆనియున్న చిన్న ముక్కను ఎవరును తలచరు. మరుసటి సంవత్సరము కొత్త నడిమి భాగమును చేసి, ఆనుడు ముక్కలను మార్చి, ఒక్కొక్క పట్టునకు రెండడుగుల చొప్పున, 1917 సెప్టెంబరు 17 మొదలు 20 వరకు నాలుగు దినములు లేపి నిలిపినారు. నూటయేబది అడుగులకు నాలుగు దినములు!

కావున నాయనలారా, మీరు పనికి పోయినచోట మూడు సంగతులు చూచుకొనుడు. వ్రేలాడు బరువు క్రిందకు, బిగిసిన ఉక్కు త్రాటి వరుసకు పోకుడు. తెగిన త్రాడు కొరడావలె తిరిగి కొట్టును. సైగ చేయువాడు ఒక్కడే ఉండవలెను. పదిమంది కేకలు వేయుచోట పని ఆపుమనుడు. ఆపుమను సైగ మాత్రము ఎవడు చేసినను ఆపవలెను. దొంతిలో దిమ్మె తక్కువైనదని తోచిన, కూలి పోవునను భయముతో నోరు మూసికొనకుడు. ఇది చెప్పుట సులభము, ఆచరించుట కష్టమని నాకు తెలియును. కాంట్రాక్టరుకు తొందర యుండును. మీకు ఇంటివద్ద అప్పుండును. అయినను చెప్పుచున్నాను.

యంత్రములను పొగడి మనుష్యులను మరచుట నాకిష్టము లేదు. కేరళ తీరమున బేపూరు ప్రాంతమున మాప్పిళ ఖలాసీలను పనివారు కలరు. ఓడలను ఒడ్డుకు లాగుట, నీటిలోనికి దింపుట వారి కులవృత్తివలె వచ్చినది. త్రాళ్లు, కప్పీలు, చేతితో త్రిప్పు చక్రము, కొయ్య దుంగలు, అందరిని ఒక్క ఊపుమీద నడుపు పాట, ఇవే వారి సాధనములు. 1988 జూలై 8న పెరుమాన్ వద్ద ఐలండ్ ఎక్స్‌ప్రెస్ అష్టముడి సరస్సులో పడి నూరుమందికి పైగా మరణించినపుడు, మునిగిన పెట్టెలను పైకి తీయుటలో వీరి నేర్పు అక్కరకు వచ్చినది. ఖలాసీ అను మాట మన రైల్వే పనివారిలోను వాడుకలో నున్నదే.

ఇక మన గోదావరి. రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ హేవలాక్ వంతెన పనిని 1897లో మొదలిడి 1900 ఆగస్టులో బండ్లను విడిచినారు. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. ఇంజనీరు గ్రాన్విల్ వాల్టన్. అఖండ గోదావరిపై అంత పనిని మూడేండ్లలో ముగించుట నేటికిని మెచ్చుకొనదగినది. 1974లో రోడ్డు రైలు వంతెన వచ్చినది. 1997లో కమానుల వంతెన వచ్చి హేవలాక్ వంతెనకు విశ్రాంతి నిచ్చినది. ఇక్కడ మొదటి దారినే ఎన్నుకొన్నారు. పాత స్తంభములను ముట్టలేదు. ప్రక్కన 28 ఖానాలతో, ఒక్కొక్క ఖానా సుమారు 97 మీటర్లుగా, కాంక్రీటుతో కట్టినారు. ఖానాల సంఖ్య సరిగా సగము. కాంక్రీటు పనిలో తయారైన గర్డరును ఎత్తు కష్టము తగ్గును, పోత గట్టిపడువరకు దానిని మోయు తాత్కాలిక ఆధారముల కష్టము పెరుగును. బరువు ఎక్కడికిని పోదు, ఎవరో ఒకరు మోయవలసినదే. పాత వంతెన నేటికిని నదిలో నిలిచియున్నది. దానిని ఇనుప తుక్కుగా అమ్మక ఉంచుట మంచిపనియని నా అభిప్రాయము.

చివరగా రామేశ్వరము త్రోవలోని పాంబన్. మనలో కాశీ గంగను తీసికొని రామేశ్వరము పోయి వచ్చిన పెద్దలు ఈ సభలో నున్నారు. వారు దాటిన పాత వంతెనను 1914 ఫిబ్రవరిలో తెరచినారు. ఓడలు పోవుటకు నడుమ షెర్జర్ పద్ధతి ఖానా ఉండెడిది. రెండు రెక్కలు వెనుకకు దొర్లి తలుపువలె తెరచుకొనెడివి. పనివారు చేతులతోనే త్రిప్పెడివారు. 1964 డిసెంబరు 22, 23 తేదీల నడిమి రాత్రి ఉప్పెన వచ్చి ధనుష్కోటిని ముంచినది. వంతెన గర్డరులు నూటికి పైగా సముద్రము పాలైనవి. షెర్జర్ ఖానా నిలిచినది. బాగుచేయుటకు మొదట ఆరు నెలలని, తరువాత మూడు నెలలని గడువు పెట్టినారు. ఆ పనిని ఒప్పుకొన్నవాడు యువకుడైన ఇ. శ్రీధరన్. మన కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. తరువాతి కాలమున కొంకణ రైల్వే, ఢిల్లీ మెట్రోలతో దేశమంతట పేరు పొందినాడు. కొత్త గర్డరులు చేయించి తెప్పించువరకు కూర్చుండలేదు. జాలరుల సాయముతో మునిగిన గర్డరుల జాడ కనుగొని, సముద్రగర్భము నుండి పైకి తీయించి, వానినే మరల స్తంభములపై పెట్టించినాడు. 46 దినములలో బండి నడచినది. పాత ఇనుము పనికిరాదని తలచు మనకు ఇది వినదగిన సంగతి.

ఆ వంతెన మీటరు గేజి నుండి 2007లో బ్రాడ్ గేజికి మారినది. ఉప్పుగాలి తినగా తినగా 2022 డిసెంబరులో దానిపై బండ్లను నిలిపివేసినారు. రెండేండ్లకు పైగా యాత్రికులు మండపములో దిగి, 1988లో తెరచిన రోడ్డు వంతెన మీదుగా బస్సులలో పోయినారు. ప్రక్కన కట్టిన కొత్త రైలు వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు తెరచినారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. 18.3 మీటర్ల ఖానాలు 99, ఓడల కొరకు 72.5 మీటర్ల ఖానా ఒకటి. ఈ పెద్ద దూలము బరువు సుమారు 660 టన్నులు. దానిని తీరమున కూర్చి, క్రేనుతో ఎత్తి పెట్టుటకు వీలుకాక, స్తంభముల మీదుగానే అంగుళ మంగుళముగా జరుపుకొనుచు 2024 మార్చి మొదలు కొన్ని నెలలు శ్రమించి చోటికి చేర్చినారు. దారి వంపు తిరిగియుండుట వలన ఆలస్యము హెచ్చినది. తుప్పు తినకుండ మేలిజాతి ఉక్కు కమ్ములు, గట్టి రంగు వాడినారు.

పాతది తలుపువలె తెరచుకొనెడిది. కొత్తది పడకవలె అడ్డముగానే 17 మీటర్లు పైకి లేచును. 660 టన్నులను సుమారు అయిదు నిమిషములలో లేపు మోటారు ఎంత పెద్దదో అని మీరు తలచుచుందురు. అంత పెద్దది అక్కరలేదు. మన ఏతామును చూడుడు. ఒక వైపు బాన, రెండవ వైపు రాతి బరువు. రెండును ఇంచుమించు తూగుచున్నచో చిన్న పిల్లవాడును నీరు తోడగలడు. పాంబన్‌లో దూలమునకు ఇరువైపుల ఉక్కు గోపురములు, గోపురములపై పెద్ద చక్రములు, చక్రముల మీదుగా ఉక్కు త్రాళ్లు, ఆ త్రాళ్ల రెండవ కొనలకు దూలముతో తూగు బరువులు. మోటారు చేయవలసినదెల్ల రాపిడిని, కొద్దిపాటి హెచ్చుతగ్గును, గాలి తోపును గెలుచుటయే. ఏతామును గిలకను కలిపిన పని ఇది.

ఈసారి రామేశ్వరము పోవువారు కిటికీ వద్ద కూర్చుండి ఆ గోపురములను చూడుడు. దూలము లేచినపుడు బరువులు దిగును, దూలము దిగినపుడు అవి లేచును. మీ బండి పోవు వేళ దూలము క్రిందనే యుండును గనుక, ఆ బరువులు మీ తలల కంటె చాల ఎత్తున, గోపురముల కొనల వద్ద ఉండును.